విపత్తులో అద్దె ఊరట: స్త్రీల దాకా వచ్చిందా?

(స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. నడిచి వెళ్లిన వలస కూలీల గురించి, ఆసుపత్రుల గురించి, ఇళ్లలో పెరిగిన హింస గురించి మాట్లాడాం. ఇంటి అద్దె గురించి మాత్రం తక్కువే మాట్లాడాం. 2020లో ప్రభుత్వాలు అద్దెలకు, పని ఒప్పందాలకు తాత్కాలికంగా కొన్ని ఊరటలు ప్రకటించాయి. అవి స్త్రీల దాకా ఎంతవరకు వచ్చాయి, మళ్లీ అలాంటి విపత్తు వస్తే మనం ఏం అడగాలి అన్నవి ఈ రోజు మీ ముందు పెడతాను.

2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. అద్దె ఇళ్లలో ఉంటున్న కార్మికులను, వలస కూలీలను ఒక నెల పాటు అద్దె అడగకూడదని అందులో ఉంది. కార్మికులను గానీ విద్యార్థులను గానీ ఖాళీ చేయమని ఒత్తిడి పెడితే చర్య తీసుకుంటామని కూడా ఉంది. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమలులో లేకుండా పోయింది. తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్ 23న మరో ఉత్తర్వు ఇచ్చింది. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దె అప్పుడే వసూలు చేయకూడదని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల మీద తీసుకోవాలని చెప్పింది.

ఇందులో మొదట గమనించవలసింది, ఇది వాయిదాయే గానీ మాఫీ కాదు. మూడు నెలలు పని పోయిన మనిషి, పని మళ్లీ దొరికాక అదే జీతంలోంచి ఆ నెల అద్దె కట్టాలి, పాత బాకీ కూడా కట్టాలి. ఇంట్లో ఈ లెక్క చూసుకునేది ఎవరు? అప్పు తెచ్చేది, పుస్తెలు కుదువ పెట్టేది, తన కంచంలో తగ్గించుకునేది స్త్రీయే. ప్రభుత్వం వాయిదా వేసిన భారం ఆఖరికి ఆమె మీదే పడుతుంది.

రెండవది, చట్టం ఎవరిని లెక్కలోకి తీసుకుంది అన్న ప్రశ్న. అదే మార్చి 29 ఉత్తర్వు జీతం కోత లేకుండా ఇవ్వాలని కూడా చెప్పింది. కానీ ఎవరికి చెప్పింది? పరిశ్రమల యజమానులకు, దుకాణాల, వాణిజ్య సంస్థల యజమానులకు. అంట్లు తోమి, బట్టలు ఉతికి, పిల్లల్ని చూసుకునే స్త్రీ పనిచేసేది ఇంట్లో. ఇల్లు ఆ జాబితాలో లేదు. అపార్టుమెంటు గేటు దగ్గరే "ఇక రావద్దు" అని పంపేస్తే ఆమె ఆ ఉత్తర్వును ఎవరికి చూపించాలి?

మూడవది, నోటిమాట సంగతి. మన బస్తీల్లో గది అద్దెకు తీసుకునేటప్పుడు కాగితం ఉండదు. ఉన్నా భర్త పేరు మీద ఉంటుంది. అందువల్ల తనకు హక్కే లేదని స్త్రీలు అనుకుంటారు, కార్యకర్తలమైన మనమూ కొన్నిసార్లు అలాగే అనుకుంటాం. ఇది నిజం కాదు. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం, నెలనెలా సాగే అద్దెకు నోటి ఒప్పందం చెల్లుతుంది, ఇల్లు స్వాధీనం చేసి ఉండాలి, అంతే. కాంట్రాక్టు చట్టం ప్రకారం పని ఒప్పందం కూడా కాగితం మీదే ఉండాలన్న నియమం లేదు. ఆమెకు లేనిది హక్కు కాదు, రుజువు.

భర్త వదిలి వెళ్లిపోతే పరిస్థితి ఇంకా కష్టం. గృహహింస చట్టం ప్రకారం అద్దె ఇల్లు, భర్త ఒక్కడి పేరు మీద ఉన్నా సరే, ఆమె నివాస హక్కు కిందికి వస్తుంది. అతని చేత అద్దె కట్టించే అధికారం 19వ సెక్షను కింద మెజిస్ట్రేటుకు ఉంది. అయితే ఆ చట్టం భర్త మీద పనిచేస్తుంది గానీ ఇంటి ఓనరు మీద పనిచేయదు. విపత్తు ఉత్తర్వులు ఈ ఖాళీని పూరించగలిగి ఉండేవి. పూరించలేదు.

కోర్టులకు వెళ్లినవారి అనుభవం కూడా చూడాలి. 2020 మార్చి 29న అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి, పేద కిరాయిదారుల అద్దె ప్రభుత్వమే కడుతుందని విలేకరుల ముందు అన్నారు. ఆ మాట అమలు చేయదగినదేనని, ఆరు వారాల్లో నిర్ణయం తీసుకోవాలని 2021 జూలై 22న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. సెప్టెంబరు 27న డివిజన్ బెంచి దాని మీద స్టే ఇచ్చింది. అద్దె గడువు నెలలో ముగుస్తుంది, కోర్టు గడువు ఏళ్లు పడుతుంది.

దీనికి వేరే పద్ధతి ఉంది. సింగపూరు పార్లమెంటు 2020 ఏప్రిల్ 7న ఒక తాత్కాలిక చట్టం చేసింది. కరోనా వల్ల ఒప్పందం నెరవేర్చలేనివారు ఎదుటివారికి ఒక నోటీసు పంపితే చాలు, ఆ కాలంలో వారి మీద దావా వేయడానికి వీలులేదు. తగాదా వస్తే మదింపు అధికారి తేలుస్తారు, లాయర్ల అవసరం లేదు. కానీ ఆ చట్టం దుకాణాల, ఆఫీసుల అద్దెలకే వర్తించింది, నివాసపు ఇళ్లకు కాదు. అక్కడి పద్ధతిని మనం తీసుకోవాలి, ఆ జాబితాను కాదు.

కాబట్టి మన కోరికలు ఇవి. ఒకటి, ఊరట ఉత్తర్వులు నోటి ఒప్పందాలకూ వర్తిస్తాయని స్పష్టంగా రాయాలి. రెండు, ఒప్పందం ఎవరి పేరు మీద ఉన్నా, ఆ ఇంట్లో ఉంటున్న స్త్రీని ఖాళీ చేయించకూడదు. మూడు, ఇంటిపని చేసేవారికి ఇచ్చే జీతాన్ని పేరు పెట్టి చేర్చాలి. నాలుగు, తెల్లకాగితం మీద రాసిస్తే తీసుకుని పరిష్కరించే అధికారి వార్డుకు, మండలానికి ఒకరు ఉండాలి. ఐదు, బాకీలో కొంత ప్రభుత్వం భరించాలి. ఒకే గది అద్దె మీద బతికే వితంతువులైన ఇంటి ఓనర్లు కూడా ఉన్నారని మరచిపోకూడదు.

విపత్తు వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. జిల్లా విపత్తు ప్రణాళికను ఏటా సమీక్షించాలని విపత్తు నిర్వహణ చట్టమే చెబుతోంది. ఆ జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. ఈ ఐదు కోరికలతో మీ జిల్లాలో వినతిపత్రం ఇవ్వండి, ప్రణాళికలో చేర్చారో లేదో మరుసటి ఏడు వెళ్లి అడగండి. ఈలోగా మీ సంఘం స్త్రీలు అద్దె తమ ఫోను నుంచే పంపేలా, చేతికిచ్చినప్పుడు చిన్న నోటుబుక్కులో ఓనరు సంతకం తీసుకునేలా చూడండి. రేపు ఆమె అధికారి ముందు నిలబడినప్పుడు ఆ నోటుబుక్కే ఆమె రుజువు.