సోలార్ పంపుసెట్టు పెట్టెలో సిమ్ ఎందుకు? తీసేస్తే ఎవరికి నష్టం?

(పీఎం-కుసుమ్ లబ్ధిదారుల అవగాహన సదస్సు – ప్రసంగ పాఠం)



మీ పొలంలో పెట్టిన సోలార్ పంపుసెట్టులో పలకలు మీకు తెలుసు, మోటారు తెలుసు. కంట్రోలర్‌లోనో, దాని పక్కనో చిన్న యాంటెనా ఉన్న పెట్టె కూడా ఒకటి ఉంటుంది. అనుమానాలన్నీ దాని మీదే. "అది మీటరంట, రేపు బిల్లు వేస్తారంట" అని కొందరు. "ఎన్ని నీళ్లు తోడామో లెక్క రాస్తోంది" అని ఇంకొందరు. ఆ భయంతో యాంటెనా పీకేసేవాళ్లున్నారు, సిమ్ తీసేసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈరోజు ఆ ఒక్క పెట్టె గురించే మాట్లాడుకుందాం.

బిల్లు వస్తుందా?

రాదు. కరెంటు లైనుతో సంబంధం లేని పంపు ఇది. మీ పలకల మీద పడిన ఎండతోనే మీ మోటారు తిరుగుతుంది. ఎవరి దగ్గరా కరెంటు కొననప్పుడు బిల్లు ఎలా వస్తుంది?

లెక్క రాస్తుందన్న మాట మాత్రం నిజమే. మోటారు ఎన్ని గంటలు నడిచింది, పలకల నుంచి ఎంత కరెంటు వచ్చింది, సుమారుగా ఎన్ని నీళ్లు వచ్చాయి అనేవి నమోదవుతాయి. ఈ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరిస్తాయి, మిగతాది మీ వాటా. ఇంత ఖర్చు పెట్టిన పంపు నడుస్తోందా, ఆగిందా అన్నది శాఖకు, కంపెనీకి తెలియడానికే ఆ లెక్క.

పెట్టె ఎలా పనిచేస్తుంది?

అది పంపేది కొన్ని అంకెలే. ఫొటోలు తీయదు, మాటలు వినదు. 5 హెచ్‌పీ పంపుకు 4,800 వాట్ల పలకలుంటాయి. అందులో ఈ పెట్టె వాడుకునేది లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి దీనివల్ల నీళ్లు తగ్గవు.

ఇలాంటి పరికరాల్లో ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఎంక్యూటీటీ. ఎక్కడో దూరాన ఉన్న చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని తయారుచేశారు. సిగ్నల్ బలహీనంగా ఉన్నా చిన్న చిన్న సందేశాలు తక్కువ ఖర్చుతో చేరాలన్నదే వాళ్ల ఆలోచన. మన పొలాల్లోనూ ఇబ్బంది అదే కదా!

సిగ్నల్ లేనప్పుడు పెట్టె ఆ అంకెలను తనలోనే దాచుకుని, సిగ్నల్ రాగానే పంపుతుంది. సిగ్నల్ లేదని మోటారు మాత్రం ఆగదు.

సిమ్ తీస్తే నష్టం ఎక్కడ?

మిరప పూత మీదుంది, మోటారు ఆగిందనుకోండి. పెట్టె పనిచేస్తుంటే ఎందుకు ఆగిందో తెలిపే కోడ్ కంపెనీకి చేరుతుంది. బోరులో నీళ్లు దిగిపోతే మోటారు కాలిపోకుండా కంట్రోలరే ఆపుతుంది. అది రిపేరు కాదు. నీళ్లు ఊరితే మళ్లీ నడుస్తుంది, ఆ మాట మీకు ఫోన్‌లోనే చెప్పొచ్చు. కంట్రోలరే పోయిందని తెలిస్తే మెకానిక్ కావాల్సిన సామానుతోనే బయలుదేరతాడు.

పెట్టె మూగబోతే ఇవేవీ తెలియవు. మెకానిక్ ఒకసారి వచ్చి చూసి వెళ్లాలి, సామాను తెచ్చుకుని మళ్లీ రావాలి. ఈలోగా తడి తప్పేది మీ పంటకే. పంపు ఎన్నాళ్లు ఆగిపోయిందో చూపడానికి మీ దగ్గర రుజువూ ఉండదు. ఐదేళ్ల నిర్వహణ కంపెనీ బాధ్యత. ఆ బాధ్యతను అడిగి చేయించుకోవడానికి ఈ లెక్కే మీకు ఆధారం.

గుర్తుపెట్టుకోవాల్సినవి

1. సిమ్ తీయవద్దు. యంత్రాల సిమ్‌కు 13 అంకెల నంబరు ఉంటుంది. మీ ఫోన్‌లో వేసుకున్నా మామూలు సిమ్‌లా పనిచేయదు.

2. యాంటెనా వంచవద్దు, దాని మీద రేకు, గోనెసంచి కప్పవద్దు.

3. నీళ్లు తగ్గాయనిపిస్తే ముందు పలకలు చూడండి. దుమ్ముంటే పొద్దున్నే మామూలు నీళ్లతో కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. చెట్టు నీడ పడుతుంటే కొమ్మ కొట్టించండి.

4. పెట్టె ఉంది కదా, వాళ్లే చూసుకుంటారని ఊరుకోవద్దు. మోటారు ఆగిన రోజే ఫిర్యాదు చేసి, నంబరు, తేదీ రాసుకోండి.

5. "మీ పెట్టె ఆగిపోయింది, డబ్బులు కట్టండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే చెప్పవద్దు, కట్టవద్దు. పెట్టె బాగుచేయడానికి ఓటీపీతో పనిలేదు.

ఇంటికి వెళ్లాక ఒకసారి పెట్టె దగ్గర నిలబడి చూడండి. సిగ్నల్ లైటు వెలగకపోతే, కంపెనీ వాళ్లకు ఇప్పుడే చెప్పండి. మోటారు బాగున్నప్పుడే పెట్టె బాగుచేయించుకుంటే, మోటారు ఆగిన రోజున అది పనికొస్తుంది.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊళ్లో పంపు ఉన్న మిగతా రైతులకూ పంపండి.