మట్టిపట్టీల ఉద్యోగం
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను, వైద్యుడను కాను. మా మేనల్లుడు ప్రకృతివైద్యం చదువుతానంటే, మా బావగారు "మట్టిపట్టీలు వేసేదీ ఒక ఉద్యోగమేనా?" అన్నారు. దానికి జవాబే ఈ నాలుగు మాటలు.

మన షోలాపురంనుంచి పూణే వెళ్లే దారిలో ఉరుళీ కాంచన్ అనే స్టేషనున్నది. 1946 మార్చిలో గాంధీజీ ఆ ఊళ్లో వారంరోజులుండి బీదరోగులను చూశారు. మట్టిపట్టీ, తొట్టిస్నానం, ఎండ, మితాహారం, రామనామం: ఇవే ఆయన మందులు. ఆయన వెళ్లిపోయారు, మణిభాయి దేశాయి అనే గుజరాతీ యువకుడు ఆశ్రమం పనికి నిలిచిపోయారు. పరాయిచోటినుంచి వచ్చినా, మనవలెనే, ఆ ఊరినే సొంత ఊరు చేసుకొని 1993లో కన్నుమూసేదాకా సేవచేశారు.

ఆ తృప్తి జీతపు లెక్కలో కనబడదు. రోగికి తన ఒంటిని తానే కాచుకొనడం నేర్పి పంపడమే ఈ వైద్యుని గెలుపు.

అయితే మొండితనం కూడదు. 1924లో గాంధీజీకే పూణే ససూన్ ఆస్పత్రిలో అపెండిసైటిస్ ఆపరేషను జరిగింది. కత్తి అవసరమైనచోట రోగిని సర్జనువద్దకు పంపేవాడే మంచి ప్రకృతివైద్యుడు. అందుకే ఈనాడు దీనికి ఐదున్నరేండ్ల డిగ్రీ చదువున్నది.

బావగారూ, మీరూ ఈ సభలోనే ఉన్నారు. చేతిపని చిన్నది కాదని, మగ్గం నేసి బ్రతికిన మన ఇళ్లలో వేరే చెప్పాలా? పిల్లవానిని దీవించి పంపండి.