చూపు ముందు, చెయ్యి తర్వాత



ఈ రోజు పట్టాలు అందుకుంటున్నవాళ్లలో వ్యాయామ విద్య చదివినవాళ్లతోనే ఎక్కువ మాట్లాడతాను, మిగతావాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

రేపు మీలో ఒకరికి మనుబోలులో పీఈటీ ఉద్యోగం వచ్చిందనుకోండి. హైవే పక్క ఊరు, బడి మైదానం, బాస్కెట్‌బాల్ ఆడాలని ఉబలాటపడే పన్నెండేళ్ల పిల్లలు. పెద్ద అకాడమీల్లో స్పందన వేగం పెంచుకోడానికి వెలిగి ఆరే దీపాలను తాకుతూ సాధన చేస్తారు. ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో యాప్ చెబుతుంది. మీ దగ్గర అవి లేకపోతే 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. మీరు పైనుంచి వదలండి, పిల్ల రెండు వేళ్లతో పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే సుమారు 0.2 సెకను పట్టినట్టు. గురుత్వాకర్షణకు రీచార్జి అక్కర్లేదు.

ఆ అంకె చూసి మురిసిపోకండి. ఒకే సంకేతానికి స్పందించడం కన్నా, కొన్నింట్లోంచి ఒకటి ఎంచుకుని స్పందించడానికి ఎక్కువ సమయం పడుతుందని డచ్చి శాస్త్రవేత్త డాండర్స్ 1868లోనే చూపించాడు. దీపం ఎవరినీ మోసం చెయ్యదు. ప్రత్యర్థి మాత్రం ఎడమకు చూస్తూ కుడికి బంతి విసురుతాడు. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే పాస్ 4 మీటర్లు దాటడానికి 0.4 సెకను. అందులో సగం మెదడుకే పోతే, మిగిలినదాంట్లో కాలు ఎక్కడ కదులుతుంది? బంతి చెయ్యి వదలకముందే భుజాన్నీ నడుమునూ చదివిన పిల్లే అందుకుంటుంది. దీపాలు కొట్టీ కొట్టీ వచ్చేది చాలావరకు దీపాలు కొట్టే నేర్పేనని నా అనుమానం.

అందుకే ఫోను బయటికి తీయండి. పిల్లల ఆటే వీడియో తీసి, పాస్ విడిచే క్షణానికి ముందు ఆపండి. ‘‘ఎటు?’’ అని అడగండి. జవాబు చెప్పాక వీడియో నడిపించండి. అన్నట్టు, 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ గారు తన శిష్యురాలు పీవీ సింధు ఫోనును సుమారు మూడు నెలలు తీసి పెట్టుకున్నారు. ఆమెకు వెండి పతకం వచ్చాక, ఇక ఫోను తిరిగి ఇస్తానన్నారు. ఫోను కోచ్ చేతిలో ఉండాల్సిన వస్తువని నేనూ అంటాను.

ఇంకొక్క మాట. స్కేలు అంకెల్ని నోటీసు బోర్డు మీద అంటించకండి. నిద్ర చాలని పిల్లకు అంకె పెరుగుతుంది. కసిరేముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నావని అడగండి.