తెలిసి ఒప్పుకొనుట



కాగితముమీది వ్రాలు, వేలిముద్ర ఎంత బరువైనవో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎవరైనను చదివి వినిపించి అర్థము చెప్పినగాని బొటనవ్రేలు నొక్కరాదని నా చిన్నతనమున మా తాతగారు మాటిమాటికి చెప్పుచుండెడివారు. వారు పొలము దస్తావేజునుగూర్చి చెప్పిరి. మన దేహము విషయమునను ఆ న్యాయమే వర్తింపవలెనని మనవి చేయుటకే నేడు మీ యెదుటకు వచ్చితిని.

అమెరికా దేశపు దక్షిణభాగమున అలబామా రాష్ట్రమున మేకన్ అను జిల్లా కలదు. దానికి ముఖ్యపట్టణము టస్కీగీ. ఆ కాలమున అచ్చటి నల్లజాతివారిలో పెక్కుమంది పరుల భూములలో పాలునకు ప్రత్తి పండించుకొని బ్రదుకుచుండిన పేదలు. 1932వ సంవత్సరమున ఆ దేశపు ప్రభుత్వ ప్రజారోగ్యశాఖకు చెందిన వైద్యులు అచ్చటికి వచ్చి, సుమారు 600 మంది నల్లజాతి పురుషులను ఒక పరిశోధనలో చేర్చుకొనిరి. వారిలో 399 మందికి సిఫిలిస్ అను సవాయిరోగము అంతకుమున్నే యుండెను. తక్కిన 201 మందికి అది లేదు. చికిత్స చేయక విడిచిన యెడల ఆ రోగము మరణపర్యంతము దేహము నెట్లు పాడుచేయునో చూచుటయే పరిశోధకుల యుద్దేశము.

ఈ సంగతి వారికి చెప్పలేదు. మీకు చెడ్డ నెత్తురున్నది, ఉచితముగా వైద్యము చేసెదమని మాత్రము చెప్పిరి. నీరసము, రక్తహీనత, సవాయి మున్నగు పెక్కు బాధలకు ఆ సీమవారు చెడ్డ నెత్తురు అను నొక్క పేరే వాడుచుండిరి. మనవారు ప్రతిదానికిని వేడి చేసినదనునట్లు. వైద్యులా మాటనే పట్టుకొనిరి. వెన్నులో సూది గ్రుచ్చి నీరు తీయుట పరీక్ష మాత్రమే. దానిని ప్రత్యేకమైన ఉచిత చికిత్స యని జాబులు వ్రాసి పిలిచిరి. భోజనము పెట్టిరి. శవపరీక్షకు ఒప్పుకొనిన యెడల అంత్యక్రియల ఖర్చు లిచ్చెదమనిరి.

1940 తరువాతి సంవత్సరములలో పెనిసిలిన్ ఈ రోగమునకు మేలైన మందుగా స్థిరపడెను. పరిశోధకులు దానిని వీరికి ఇయ్యలేదు. 1947వ సంవత్సరమున జర్మనీలోని నూరెంబర్గు నగరమున నాజీ వైద్యులను విచారించిన న్యాయస్థానము, మనుష్యునిపై ప్రయోగము చేయుటకు అతని స్వేచ్ఛాసమ్మతి తప్పనిసరి యని తీర్పు చెప్పెను. ఆ న్యాయాధిపతులు అమెరికావారే. అయినను టస్కీగీలో పరిశోధన సాగుచునే యుండెను. 1972వ సంవత్సరమున పత్రికలు బయటపెట్టిన పిమ్మటగాని అది ఆగలేదు. 1997వ సంవత్సరమున అధ్యక్షుడు క్లింటను దేశము పక్షమున క్షమాపణ చెప్పునాటికి బ్రదికియున్నవారు ఎనమండుగురు.

శాస్త్రవిషయములు కఠినములు, చదువురాని వానికి బోధపడునట్లు చెప్పుట యెట్లని కొందరందురు. ఇచ్చట చెప్పవలసిన దెంత? నీకు ఈ రోగమున్నది. ఇది ప్రాణము తీయగలదు. నీ భార్యకును, పుట్టబోవు బిడ్డకును సోకవచ్చును. మేము దీనికి మందు వేయము, చూచుచుందుము. ఈ నాలుగు ముక్కలలో కఠినపదమొక్కటియు లేదు. ప్రత్తిచేనిలోని పాలేరుకును తెలియును. తెలిసిన యెడల ఒక్కడును ఒప్పుకొనడు. అందుచేతనే చెప్పలేదని నా నమ్మకము. చదువుకొన్న మావంటివారు భాష చాలదని చెప్పునప్పుడెల్ల, చాలనిది భాషయా, చెప్పవలెనను బుద్ధియా యని మమ్ము నిలువదీసి యడుగుడు.

ఈ కథ విని ఆసుపత్రికి పోవుట మానుకొనుడని నా భావము కాదు. టస్కీగీలో జనులను చంపినది మందు కాదు, మందు నీయకుండుట. అడుగుట మరువవలదని మాత్రమే నా విన్నపము. మన దేశమున 2019వ సంవత్సరమున వెలువడిన నూతన ఔషధ పరీక్షల నియమములనుబట్టి, పరీక్షలో చేరువానికి తెలియు భాషలో విషయమంతయు చెప్పి సమ్మతి పొందవలెను. చదువరాని వానికైన యెడల ఏ పక్షమునకు చెందని సాక్షి యుండవలెను. చేరినవాడు నడుమ మానుకొనవచ్చును.

కావున మీ యింటివారి యెదుటగాని, ఇరుగుపొరుగువారి యెదుటగాని ఎవరైన నట్టి కాగితము పెట్టినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. ఇది చికిత్సయా, పరీక్షయా? చేరకున్న నేమగును? వలదనుకొన్ననాడు మానుకొనవచ్చునా? సమాధానము మీ యింటి తెలుగులో వచ్చువరకు విడువకుడు. మా తాతగారు పొలముకొరకు చెప్పిన మాట ప్రాణముకొరకును మంచిదే. ముందు విననిండు, తెలియనిండు. పిదపనే వ్రేలు నొక్కనిండు.