కాకటీల్ జంటకు గూడు పెట్టె

పుదుచ్చేరిలో కాకటీల్స్ పెంచుకునేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

"పెట్టె పెట్టాం, పిట్టలు లోపలికే పోవడం లేదండీ" అంటుంటారు. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా. అక్కడ నీటి దగ్గరి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. తొర్రలో ఏముంటుంది? చీకటి, ఎత్తు, నిశ్శబ్దం. మన పెట్టెలోనూ అవే ఉండాలి.

అన్ని వైపులా అడుగు కొలత, రంగు వేయని చెక్క చాలు. పంజరంలో పైన, గట్టిగా కదలకుండా బిగించండి. అడుగున నాలుగు వేళ్ల మందాన చిత్రిక పొట్టు పరవండి. సన్నటి రంపపు పొట్టు వద్దు, ఊపిరికి అడ్డం.

సాధారణంగా మగపిట్టే ముందు వెళ్తుంది. తల దూర్చి చూస్తుంది, కంత అంచు కొరుకుతుంది, ఈల వేసి ఆడదాన్ని పిలుస్తుంది. ఆ రోజుల్లో పెట్టె తెరవకండి. మళ్లీ చెబుతున్నా, తెరిచి చూడకండి!

మన ఊళ్లో కాలం కూడా ముఖ్యమే. నవంబరు వానలకు పొట్టు బూజు పడుతుంది. మే ఎండకు పెట్టె ఉడికిపోతుంది. సంక్రాంతి దాటాక పెట్టడం మేలని నా సలహా.

ఏడాదిన్నర నిండని పిట్టకు పెట్టె పెట్టనే వద్దు. సున్నం కోసం కటిల్ బోన్ వేలాడదీయండి. ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున ముక్కుతూ కూర్చుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. ఆగకండి, కురుంబపేట పశువైద్య కళాశాలకో, దగ్గరలోని పశువైద్యుడి దగ్గరికో వెంటనే తీసుకెళ్లండి.