లీనా ఇల్లు, మన పెంకుల షెడ్డు

(స్వర్ణోత్సవ సభలో 1987 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక ఆర్కిటెక్ట్ చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. భోజనాలయ్యాక సిమెంటు, ఇనుము అంటే మీరు కునుకు తీస్తారు. అందుకని ఒక మనిషి గురించి చెబుతాను. చివర్లో మన బడి విషయం ఒకటి అడుగుతాను.

ఆమె పేరు లీనా బో బార్డి. 1914 డిసెంబరులో రోమ్ నగరంలో పుట్టింది. ఆడపిల్లలు ఆర్కిటెక్చర్ చదవడం అరుదైన రోజుల్లో అక్కడే చదివి, 1939లో పట్టా పుచ్చుకుని మిలాన్ వెళ్లింది. ఇంతలో యుద్ధం. ఇళ్లు కట్టవలసిన వయసులో ఇళ్లు కూలడం చూసింది. 1943లో బాంబు దాడిలో ఆమె ఆఫీసే పోయింది. యుద్ధం ముగిశాక, 1946లో పియెత్రో మరియా బార్డిని పెళ్లి చేసుకుని, ఆ ఏడాదే ఆయనతో ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్కేళ్లు. సావో పాలోలో కళా మ్యూజియం నడపమని పిలుపు వచ్చింది భర్తకు. ఈనాటికీ అక్కడ జనం చూడటానికి వెళ్లే భవనాలు మాత్రం ఆమెవి.

1951లో రెండు జరిగాయి. ఆమె బ్రెజిల్ పౌరురాలయింది. నగరం అంచున మొరుంబి అనే చోట, ఒకప్పటి తేయాకు తోట నేలలో, తమ ఇల్లు పూర్తిచేసింది. దాన్ని గాజు ఇల్లు అంటారు. ముందు భాగం సన్నని ఉక్కు స్తంభాల మీద గాలిలో నిలబడి ఉంటుంది. వెనక భాగం మామూలు గోడలతో కొండ మీద కూర్చుంటుంది. ఇంటి నడుమ చదరంగా ఖాళీ వదిలితే, అందులోంచి ఒక చెట్టు పైకి పోతుంది. చుట్టూ మొక్కలు పెంచారు. కొన్నేళ్లకు అవి చెట్లై ఇంటినే కప్పేశాయి. 1992లో కన్నుమూసేదాకా నలభై ఏళ్లకు పైగా ఆమె ఉన్నది ఆ ఇంట్లోనే.

పుట్టిన ఊరిని ఎవరూ ఎంచుకోరు, బ్రెజిల్‌ను తాను ఎంచుకున్నాను కాబట్టి అది తనకు రెండింతలు సొంత దేశం అనేది ఆమె. అయితే ఎంచుకున్నంత మాత్రాన ఊరు మనదైపోదు. అమెరికా వెళ్లినవాళ్లకు, హైదరాబాదులో స్థిరపడినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆమె ఏం చేసిందో చూడండి.

1950ల చివర్లో ఈశాన్య బ్రెజిల్‌లోని బాహియాకు వెళ్లింది. అది పేద ప్రాంతం. అక్కడివాళ్లు పాత డబ్బాలతో, మాడిపోయిన బల్బులతో దీపాలు చేసుకునేవారు. రోమ్‌లో చదివిన ఆర్కిటెక్టు వాటిని పోగుచేసి, గౌరవంగా మ్యూజియంలో పెట్టింది. సాల్వదోర్ నగరంలో సముద్రపు ఒడ్డున ఒక పాత కట్టడాన్ని బాగుచేస్తూ లోపల చెక్క మెట్లు కట్టించింది. వాటికి మేకు లేదు. అక్కడి ఎడ్లబండ్లలో కర్రకు కర్ర ఎలా బిగిస్తారో చూసి, ఆ పద్ధతిలోనే బిగించింది. 1964లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఆ పని వదిలి సావో పాలోకు తిరిగి రావలసి వచ్చింది.

1968లో ఆ నగరంలో ఆమె మ్యూజియం భవనం తెరిచారు. నాలుగు స్తంభాల మీద, మధ్యలో ఆధారం లేకుండా 74 మీటర్ల పొడవు. కింద నేలంతా జనానికి వదిలేసింది. ఇప్పటికీ సంతలు, సభలు, ధర్నాలు అక్కడే.

నేను అసలు చెప్పదలచుకున్నది దీని తర్వాతి సంగతి. 1970ల్లో సావో పాలోలోని పొంపేయా పేటలో మూతపడిన ఇనుప పీపాల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఆ స్థలంలో క్రీడలకు, కళలకు కేంద్రం కట్టమని ఆమెను పిలిచారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఇటుక షెడ్ల కట్టుబడి చూసి మెచ్చుకుంది. రెండోసారి శనివారం వెళ్లింది. ఆ రోజు షెడ్ల నిండా జనం. పిల్లలు పరుగెడుతున్నారు. కప్పు చిల్లుల్లోంచి వాన కురుస్తుంటే కుర్రాళ్లు బంతి ఆడుతున్నారు. తల్లులు వంట చేస్తున్నారు. ఈ సంతోషం ఇలాగే సాగాలని ఆమె నిశ్చయించుకుంది. షెడ్లు కూల్చలేదు. అక్కడే ఆఫీసు పెట్టుకుని, పనివాళ్ల మధ్య ఉండి, వాటిని బాగుచేసింది. 1982లో తెరిచారు. ఆటల కోసం మాత్రం కొత్త కాంక్రీటు టవర్లు లేపింది. స్థలం మధ్యలో నేల కింద వాగు ఉంది, దాని మీద కట్టకూడదు. అందుకని వాగుకు ఇరువైపులా టవర్లు కట్టి, గాలిలో వంతెనలతో కలిపింది.

కొన్నేళ్ల క్రితం పని మీద సావో పాలో వెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం అక్కడ గడిపాను. ముసలాళ్లు చదరంగం ఆడుతున్నారు. ఒకాయన దినపత్రిక ముఖాన కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ను ఎవరూ లేపలేదు.

ఇప్పుడు మన బడి సంగతి. స్వర్ణోత్సవ భవనానికి ప్లాను గీయమని కమిటీ నన్ను అడిగింది. గీసి పంపాను. మీలో చాలామంది ఫోన్లో చూసి మెచ్చుకున్నారు. అందులో వేపచెట్టు పక్కన పెంకుల షెడ్డు లేదు. దాని మీద ‘తొలగించవలసినది’ అని రాసింది నేనే. ఎక్కడో కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటో చూసి రాశాను. డ్రాయింగ్ మాస్టారు నాకు మొదటిసారి స్కేలు పట్టుకోవడం నేర్పిన షెడ్డు అది.

మొన్న శుక్రవారం ఊరికి వచ్చాను. నిన్న ఉదయం ఆరింటికి బడికి వెళ్లాను. షెడ్డులో నలుగురు పిల్లలు పరీక్షకు చదువుకుంటున్నారు. ఇంట్లో చోటు లేదన్నారు. మధ్యాహ్న భోజనం వండే అక్కలు బియ్యం ఏరుతున్నారు. ఒక అక్క నన్ను చూసి, “ఎవరి తాలూకు అమ్మా?” అని అడిగింది. నా బడిలో నేను పరాయిదాన్నని అప్పుడు తెలిసింది. పరాయి దేశం వెళ్లిన లీనా చూసి కట్టింది. సొంత ఊరికి వచ్చిన నేను చూడకుండా కూల్చమన్నాను.

పాతదంతా దాచుకుందామని నేను అనను. షెడ్డు దూలాలకు ఒక పక్క చెద పట్టింది. పెంకులు జారుతున్నాయి. పిల్లల తలల మీద కప్పు అంటే ప్రమాదం కాబట్టి మరమ్మతు అయ్యేదాకా ఎవరినీ కూర్చోనివ్వకూడదు. ఆ సంగతి నిన్ననే హెడ్మాస్టారుకు చెప్పాను. గోడలు మాత్రం గట్టిగా ఉన్నాయి. చెద పట్టిన దూలాలు మార్చి, పెంకులు మళ్లీ నేయించవచ్చు. కొత్త తరగతి గదులను నీళ్ల ట్యాంకు పక్కనున్న ఖాళీలో రెండంతస్తులుగా కట్టుకోవచ్చు. వేపచెట్టు కొమ్మ కూడా కొట్టక్కర్లేదు.

కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. నా ప్లానును ఈ రోజు ఆమోదించకండి. నాకు నెల గడువివ్వండి. ఊళ్లోనే ఉండి, వంట అక్కలను, పిల్లలను, మాస్టర్లను అడిగి మళ్లీ గీస్తాను. దానికి ఫీజు వద్దు. విరాళం ఇచ్చిన మిత్రులు తిరుగు ప్రయాణానికి ముందు, రేపు ఉదయం ఆరింటికి ఒక్కసారి ఆ వేపచెట్టు కిందికి రండి. టీ నేను తెస్తాను.