కంప్యూటర్ సీటు మనకెందుకు?

(ఇంటర్ పూర్తిచేసిన హాస్టల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులివి. పొద్దున ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సాఫ్ట్‌వేర్‌లో రిజర్వేషన్ లేదు కదా, సివిల్ చదివి ఏఈ పరీక్ష రాసుకుంటే నయం కదా?" అది పిరికి ప్రశ్న కాదు. మన ఇళ్లలో ఒక్క సర్కారు ఉద్యోగం మూడు కుటుంబాలను నిలబెట్టింది. రాజ్యాంగంలోని 16(4) కంపెనీ గేటు బయటే ఆగిపోతుంది. అయినా లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు కంప్యూటర్ సైన్స్ తీసుకోండనే చెబుతాను.

1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. ఆ అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చారు. ఆయన స్వయంగా బారిస్టర్. అయినా ఆర్ట్స్, లా చదువులకంటే ఉన్నత స్థాయి సైన్సు, టెక్నాలజీ చదువే మన పిల్లలకు మేలు చేస్తుందని, ఆ ఖర్చు మన తాహతుకు మించినది కాబట్టి ప్రభుత్వమే భరించాలని అందులో వాదించారు. చదువుకోండి అన్న ఆయన మాట ప్రతి వాడలో గోడ మీద ఉంటుంది. ఏ చదువు అడిగారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. మీరు ఇప్పుడు ఫారం నింపే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నాటిది.

తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లిష్ భయం ఉంటుంది. నేనూ తెలుగు మీడియమే. మొదట నేర్పే సీ భాషలో అసలు కీవర్డ్‌లు 32. ఇఫ్, ఎల్స్, వైల్ లాంటివి. మన కూలి మేస్త్రీ లెక్క చూడండి: ఎంతమంది వచ్చారు, పూట పనా రోజు పనా, అడ్వాన్సు పోగా ఎవరికెంత. ఆ లెక్కను వరసగా, ఒక్క మెట్టూ వదలకుండా రాస్తే ప్రోగ్రామే. ల్యాప్‌టాప్ లేకపోతే కాగితం మీద ఒక్కో లైను నడపండి. ఇప్పుడు ఐ విలువెంత, లూప్ ఎక్కడ ఆగింది? ల్యాబ్‌లో గంట దొరికేలోపు నేను అలాగే నేర్చుకున్నాను. అసలు కష్టం రెండో ఏడాదిలో, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ దగ్గర. అక్కడ గైడు బట్టీ పట్టకండి, సీనియర్‌ను పట్టుకోండి.

"నీ ర్యాంకెంత?" అని అడుగుతారు. అడిగేది ర్యాంకు కాదని మీకూ తెలుసు. జవాబు చెప్పాల్సిన బాకీ మీకు లేదు. సముద్రం దాటినా ఇది వదలదు. ఒక దళిత ఇంజనీరును పై కులాల మేనేజర్లు వివక్షకు గురిచేశారంటూ 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద దావా వేసింది. కంపెనీ కాదంది. మేనేజర్లిద్దరి మీద దావాను 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది. కానీ అదే ఏడాది అమెజాన్ ప్రధాన కార్యాలయమున్న సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. మనవాళ్లు ఆ ఆఫీసుల్లో ఉన్నారు కాబట్టే ఆ మాట బయటికొచ్చింది.

ఇక డబ్బు. 2024లో ముజఫర్‌నగర్ జిల్లా కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. గడువులోగా 17,500 రూపాయలు కట్టలేక పోగొట్టుకున్నాడు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఆదేశిస్తే గానీ తిరిగి రాలేదు. మీకు అంత దూరం వెళ్లే పని రాకూడదు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇవాళే చూసుకోండి. మేనేజ్‌మెంట్ సీటు జోలికి పోవద్దు, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ల్యాబ్ లేని ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సీటుకంటే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఈసీఈ మేలు, కోడింగ్ అక్కడా నేర్చుకోవచ్చు. ఈ మాట మీ ఇంట్లో ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించండి.

ఆప్షన్ల కాగితాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఒక్కొక్కటీ చూద్దాం.